గెడ్డ గట్టు మీద చావుకర్ర

మా ఊళ్లో చావుకి కర్ర కొనరు. మాకవరపాలెం దాటి లోపలికి వెళితే మా ఊరు, ఊరి పక్కనే గెడ్డ. మా వైపు వాగుని గెడ్డ అంటాం. దాని గట్టు పొడవునా మామిడి, నేరేడు, కానుగ, మద్ది ఎవరూ నాటకుండానే లేచాయి. ఎవరింట్లోనైనా మనిషి పోతే, శవానికి నీళ్లు పోసేలోపు ఇద్దరు ముగ్గురు మగవాళ్లు గొడ్డళ్లు భుజాన వేసుకుని గట్టు మీదికి వెళతారు. చెట్టు ఎవరి పొలం హద్దులో ఉందో చూడరు, ఎవరినీ అడగరు. ఆ పొలం వాడు ఎదురైతే తల తిప్పుకుని తన పని చూసుకోవాలి. ఒక చావుకి ఒకే చెట్టు, ఎండుచెట్టు ఉంటే ముందు అదే. "సావుకర్రకి కాదన్నోడి సావుకి కాకి కూడా రాదు," అనేది మా నాయనమ్మ.

దీన్ని ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి, దాన్ని ఒక కట్టుబాటు అని కూడా నేనెప్పుడూ అనుకోలేదు. గాలి వీస్తుంది, గెడ్డ పారుతుంది, మనిషి పోతే చెట్టు కొడతారు. అంతే.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నర్సీపట్నంలో మా వీధిలో ఎవరికీ అది అర్థం కాదు. అడవినీ నేలనీ పాడు చేయకుండా, కూలివాళ్లకి అన్యాయం చేయకుండా పెంచిన కర్ర ఇది అని ముద్ర వేసే పద్ధతి ఒకటుంది. ఆ ముద్ర ఉన్న కర్రనే కొంటామని కాగితం మిల్లులూ, బల్లలూ కుర్చీలూ చేసి పైదేశాలకి పంపేవాళ్లూ అంటున్నారు. రెండెకరాల సరుగుడు తోట ఉన్న రైతు ఆ ముద్ర ఒక్కడే తెచ్చుకోలేడు. అందుకని రైతులందర్నీ ఒక సంఘంగా చేర్చి, నియమాలు నేర్పించి, ఏటా వచ్చే ఆడిటరుకి తోటలు చూపించేది నేను. మా ఆయన హైస్కూలు మాస్టారు. "నేను పిల్లలకి మార్కులేస్తాను, మా ఆవిడ చెట్లకి వేస్తుంది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతాడు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది.

ఎస్. రాయవరం వైపు తోటల్ని కొన్ని సంఘంలో చేర్చాక నాకు ఒక పిచ్చి పట్టింది, మా ఊరిని కూడా చేర్చాలని. పుట్టింటి ఊరికి ఏదైనా చేసి చూపించాలనే దురద ప్రతి ఆడపడుచుకీ ఉంటుంది. నాకు కాస్త ఎక్కువ. ఊరివాళ్లు కూడా నేనేం చెబితే దానికి తలాడించారు. సరుగుడు కొట్టేవాళ్లకి హెల్మెట్లు ఇస్తే, ఒకాయన దాన్ని పెట్టుకుని పశువుల సంతకి కూడా వెళ్లొచ్చాడు. పురుగుమందు డబ్బాలు గెడ్డలో కడగొద్దంటే మానేశారు. ఇంత వినే ఊరుంటే నాలాంటిదానికి నెత్తిన కొమ్ములు మొలవక ఏమవుతుంది?

నియమాల్లో ఒకటుంది. నీటి ఒడ్డున సొంతంగా పెరిగిన చెట్లని తోటలో కలిపేసి నరకకూడదు, ఆ ఒడ్డుని అలాగే వదిలెయ్యాలి. మంచి నియమమే. గట్టు మొదట్లో పచ్చరంగు బోర్డు పెట్టించాను: "సంరక్షిత ప్రాంతం. చెట్లు నరకరాదు." అక్కడే ఒక పెద్ద మామిడి నిలువునా ఎండిపోయి ఉంది. ఎండిన మాను కూడా తియ్యకూడదు, దాని తొర్రల్లో వడ్రంగిపిట్టలు, గుడ్లగూబలు బతుకుతాయి అని మీటింగు పెట్టి చెప్పాను. దాని ఫోటో తీసి మా రిపోర్టు మొదటి పేజీలో వేశాను. నా దృష్టిలో అది మా ఊరి తోటలన్నిటికంటే విలువైన చెట్టు.

మా తోట పక్కన ఇంట్లో ఉండేవాళ్లు మావ, అత్త. రక్తసంబంధం కాదు. మా నాన్న సరుగుడు వేసిన మొదటి ఏడు ఆ మొక్కలన్నీ మావ చేత్తో నాటినవి, అప్పటి నుంచి కలిసిన వరస. వాళ్లకి పిల్లల్లేరు. అత్త సరుగుడు ఆకు ఊడ్చి గంపకెత్తుకుని వెళ్లి పొయ్యి రాజేసేది. ఆ నిప్పులో చిలగడదుంపలు కాల్చి, బడి నుంచి వచ్చేటప్పటికి నా చేతిలో పెట్టేది. పెళ్లయ్యాక కూడా నేను ఊరికి వెళితే మా అమ్మ కంటే ముందు ఆవిడకే తెలిసేది. "ఓలమ్మ, పాప ఒచ్చింది," అని వీధంతా వినిపించేలా అరిచేది. నలభై దాటినదాన్ని పాపా అంటుంటే సిగ్గేసేది, హాయిగానూ ఉండేది.

అత్త పోయిన రోజు వాన. ముసురు పట్టి అప్పటికే కొన్నాళ్లయింది. పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ఊళ్లోనే ఉండి వ్యవసాయం చూసుకుంటాడు.

"అక్కా, అత్త పోనాదే. తెల్లారి లేపితే లెగలేదు."

నేనింకా ఏడవడం మొదలుపెట్టకముందే వాడు రెండో మాట అన్నాడు.

"కుర్రోళ్లు గెడ్డకాడికి ఎల్లినారు. వానకి పచ్చిమాను అంటుకోదు గదా, ఎండు మావిడి కొడదారని. నువ్వెట్టిన బోర్డు సూసి ఆగిపోనారు. నిన్నడగమంతన్నారు. ఏటి సెప్పమంటావు?"

ఆడిటరు రావడానికి ఒక్క రోజు మధ్యలో ఉంది. పక్క జిల్లాలో ఒక సంఘానికి వాగు ఒడ్డున తాజా మోళ్లు కనబడి ముద్ర ఆపేశారని నేను విని ఉన్నాను. ఆ ఎండు మామిడి ఫోటో ఆడిటరమ్మ దగ్గర ఉంది. వచ్చి చూస్తే అక్కడ మోడు కనబడుతుంది. నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

"దాన్ని ముట్టుకోవద్దను. డిపోలో కట్టెలు కొని నేను పంపిస్తాను. బండి నేనే మాట్లాడతాను. మావకి ఒక్క పైసా ఖర్చు కాకూడదు."

"సరేలే," అన్నాడు.

నేను ఎంత మంచిదాన్నో అని ఆ క్షణం నాకు అనిపించింది. నిజం. అటు చెట్టూ దక్కింది, ఇటు అత్తకీ చేసినట్టయింది అనుకున్నాను. నర్సీపట్నంలో కట్టెల డిపో వాడికి ఫోన్ చేసి, మంచివి వెయ్యమని గట్టిగా చెప్పి, చీర మార్చుకుని ఊరికి బయలుదేరాను.

కట్టెల ఆటో నా వెనకే వచ్చింది. మంచివి అని నేను చెప్పినవి వేళ్లూ, మొద్దులూ, మిల్లులో మిగిలిన చెక్కముక్కలూ. పైన వేసిన పట్టా చిరిగి, అన్నీ వానకి నానాయి. మగవాళ్లు ఆటో చుట్టూ నిలబడి చూశారు. ఒకాయన మొద్దుని గోటితో గీరి, వేలు పంచెకి తుడుచుకున్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. నాకు కోపం వస్తే నోరు ఆగదని ఊరందరికీ తెలుసు. ఆ రోజు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

మావ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఏడవడం లేదు. "ఒచ్చినావా పాపా," అన్నాడు. "కట్టెలు కూడా నువ్వే తెచ్చినావంట. నీకెందుకమ్మా ఇంత శ్రమ."

ఆడవాళ్లం ఊరి చివర వరకే వెళతాం. అక్కడ ఆగి, దండం పెట్టి, తిరిగొచ్చి తలంటు పోసుకోవాలి. మిగిలినవాళ్లు వెళ్లిపోయినా నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి గాని పొగ లేవలేదు. లేచిన పొగ నల్లగా ఉంది. కట్టె పొగ నలుపు కాదు, ఏ ఆడదానికైనా తెలుసు అది. ఆ వాసన నా దాకా వచ్చింది. పాత టైర్లు.

సాయంత్రం మా తమ్ముడు పెరట్లో స్నానం చేస్తుంటే నేను వెనక నుంచే ఆ పొగ సంగతి అడిగాను. "రెండోసారి ఎల్లినాం," అన్నాడు. "మద్దెలో ఆరిపోనాది. డీజిలు పోసినాం. ఇంకడక్కే." అడగలేదు.

మర్నాడు గడిచాక ఆడిటరు వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చే ఆవిడ, తెలుగు బాగానే మాట్లాడుతుంది. నెమ్మదస్తురాలు. రైతులతో నేల మీద కూర్చుంటుంది, ఎవరి మాటనీ మధ్యలో తుంచదు. గట్టు వెంబడి నడిచి, ఎండు మామిడి దగ్గర ఆగి తల పైకెత్తి చూసింది. ఒక పిట్ట ఎగిరిపోయింది. ఆవిడకి ముచ్చటేసింది. నాకు మాత్రం అటు చూడ్డానికి మనసొప్పలేదు.

ఊరివాళ్లతో మాట్లాడేటప్పుడు మాలాంటివాళ్లం పక్కన ఉండకూడదు. అది పద్ధతి. నేను పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నాను. రచ్చ దగ్గర మావ కూడా ఉండడం దూరం నుంచి కనబడింది. అత్త పోయి ఇంకా చిన్నదినమైనా కాలేదు, ఆ మనిషి అక్కడికి ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు.

తిరిగి నర్సీపట్నం వస్తూ జీపులో ఆవిడే ఎత్తుకుంది.

"మీ ఊరివాళ్లకి గట్టు మీద ఏ వాడుక హక్కూ లేదట. వంటచెరకు, పండక్కి కర్ర, చావుకి కర్ర, అన్నీ అడిగాను. ఒక పెద్దాయన ఇంట్లో ఈ మధ్యే ఎవరో పోయారట కదా. ఆయన్ని ప్రత్యేకంగా అడిగాను. మేమెప్పుడూ డిపోలోనే కొంటామండీ అన్నారు. అందరూ అదే మాట."

"ఉంటే ఏమయ్యేది?" అన్నాను.

"ఏముంది, రాసుకునేదాన్ని. ఊరి వాడుక హక్కుల్ని కాపాడాలన్నది మన సూత్రాల్లోనే ఉంది కదా మేడమ్. చావుకి ఒక చెట్టు కొట్టుకుంటే అడవి పోతుందా? పైగా అలాంటి కట్టుబాటు ఉన్న ఊరైతే మెచ్చుకుంటాం."

సూత్రాల్లో ఉంది. నాకు తెలుసు. ఆ పుస్తకాన్ని రైతుల కోసం తెలుగు చేసింది నేనే. "స్థానిక ప్రజల సంప్రదాయ హక్కులు" అని మాట కోసం ఎంతో ఆలోచించి రాసింది నేనే. రాస్తున్నప్పుడు నా కళ్ల ముందున్నది పైన ఏజెన్సీ కొండల్లో ఉండేవాళ్లు. హక్కులు వాళ్లకి ఉంటాయి. మాలాంటి పల్లపు ఊరికి, పంచె కట్టి సంతకెళ్లేవాళ్లకి, మా నాయనమ్మకి అలాంటివి ఉంటాయని తట్టనే లేదు. మాకు ఉండేవి అలవాట్లు మాత్రమే అనుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. అప్పటికప్పుడు చెప్పేస్తే సరిపోయేది. కానీ చెబితే ఊరంతా కూడబలుక్కుని అబద్ధమాడారని తేలుతుంది. ఎందుకాడారని అడుగుతుంది. మాకవరపాలెం దాటాం, నర్సీపట్నం లైట్లు కనబడ్డాయి, జీపు మా వీధిలో ఆగింది. "టీ తాగి వెళ్లండి," అన్నాను.

వాళ్లెందుకలా చెప్పారో తర్వాత మా తమ్ముడి ద్వారా తెలిసింది. ముందురోజు పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారట. ఆడపడుచు పట్టుకొచ్చిన పని, మన నోటితో చెడకూడదు, ఏ హక్కు అడిగినా లేదందాం అని. ఆ మాట మొదట అన్నది మావేనట.

ముద్ర వచ్చింది. సరుగుడు మంచి ధరకి వెళ్లింది. మావ నన్ను చూసి అన్న మాట ఒకటి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మీ అత్త పోతా పోతా ఊరికి మేలు సేసి ఎల్లినాది పాపా. ఆ సెట్టు కొట్టుంటే సర్టిపికెట్టు ఒచ్చునేటి?" ఆయన ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది. దానితోనే రోజులు నెట్టుకొస్తున్నాడని నాకు అర్థమైంది. నేను నవ్వి ఊరుకున్నాను. అంత నీచమైన నవ్వు నా జన్మలో నవ్వలేదు.

అలాగే ఊరుకుని ఉండేదాన్నేమో. కానీ ఎండాకాలంలో ఊళ్లో ఇంకో పెద్దాయన పోయాడు. ఎవరూ నన్ను అడగలేదు. ఎవరూ గొడ్డలి తియ్యలేదు. కొడుకు మోటారుసైకిలు మీద తిన్నగా నర్సీపట్నం డిపోకి వెళ్లి కట్టెలు మాట్లాడుకున్నాడు. చేతిలో డబ్బు లేక ఎవరి దగ్గరో అప్పు తెచ్చాడని విన్నాను. గట్టు మీద ఎండు మామిడి అలాగే ఉంది. తాతల నాటి కట్టుబాటుని ఒక్క వానాకాలంలో చంపేశాను, అదీ అడవుల్ని కాపాడే పేరుతో.

ఆడిటరుకి ఫోన్ చేశాను. ఊళ్లో ఆ వాడుక ఉంది, పోయినసారి చెప్పలేదు అని మాత్రం అన్నాను. ఆవిడ ఇంకేమీ గుచ్చి అడగలేదు. "అయితే ఈసారి మీటింగులో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ పెద్దాయన చెబితే మరీ మంచిది, పోయినసారి కాదన్నది ఆయనే కాబట్టి," అంది.

అంటే ముందు నేను మావకి చెప్పాలి. ఆ చెట్టు కొట్టినా ముద్ర వచ్చేదేనని, అత్త అలా కాలిపోవాల్సిన అవసరమే లేదని.

ఆదివారం వెళ్లాను. ఆయన అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుతూ చీపురు కడుతున్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. తిప్పి తిప్పి చెబుదామని వచ్చినదాన్ని, ఒక్కసారే చెప్పేశాను.

ఆయన చేతిలో కత్తి ఆగింది.

"అయితే మావిడి కొట్టీవోళ్లమే అన్నమాట," అన్నాడు.

"అవును మావా."

"తడి మొద్దులు పంపినావని నీ మీద నాకేటీ లేదు. నీకు ఆ రూలు సంగతి తెలీక గదా."

నేను తెలీదు అని చెప్పలేదు, తెలుసు అనీ చెప్పలేదు. మళ్లీ ఈనె చీరడం మొదలుపెట్టాడు. కళ్లలోంచి నీళ్లు వాటి దారిన అవి కారుతున్నాయి, తుడుచుకోలేదు. అత్త పోయిన రోజు ఏడవని మనిషి. నేను ఆయన చెయ్యి పట్టుకోవచ్చు, పట్టుకునే చనువు ఉంది. పట్టుకోలేకపోయాను.

"ఇది నాకెందుకు సెప్పినావు పాపా?" అన్నాడు.

ఇకమీద పోయేవాళ్ల కోసం అన్నాను. మీటింగులో మీరే చెప్పాలి అన్నాను. అది నిజమే, కానీ ఆయన దగ్గర మిగిలిన ఒక్క ఓదార్పునీ నేను లాక్కున్నాననేది కూడా నిజమే. "సరే, సెప్తాన్లే," అన్నాడు.

ఈసారి మీటింగుకి ఆడిటరు నన్ను కూడా కూర్చోనిచ్చింది. పోయినసారి జరిగినదాన్ని సరిచేస్తున్నాం కాబట్టి ఉండొచ్చు అంది. ఊరి మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ఆవిడ మావ వైపు తిరిగి, నెమ్మదిగా, గట్టు మీద మీ ఊరికి ఏ హక్కుందో చెప్పండి అంది.

మావ లేచి నిలబడ్డాడు. "సావుకి సెట్టు కొట్టుకోడం మా ఊరి ఆనవాయితీ అండీ. మా తాతల కాడ్నుంచి ఉన్నాది. ఎవుల్నీ అడగక్కర్లేదు. ఒక సావుకి ఒక సెట్టు."

"మరి పోయినసారి లేదన్నారు కదా?"

"ముసలోణ్ని. అడిగింది సరిగ్గా బోదపళ్లేదండి."

"మీ ఇంటావిడకి కొట్టలేదా?"

గొడ్డళ్లు పట్టుకుని ఆ రోజు గట్టు దాకా వెళ్లి ఆగిపోయిన కుర్రాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. మా తమ్ముడు ఉన్నాడు. ఒక్కరూ తల ఎత్తలేదు.

"ఆ రోజు వానండి," అన్నాడు మావ. "సెట్టు కొట్టడానికి ఎవులూ రాలేదండి."

ఊరు మొత్తం మీద నింద వేసుకున్నాడు. అన్ని చావులకీ చెట్టు కొట్టిన ఊరు, ఆయన భార్య చావుకి రాలేదని ఊరందరి ముందూ చెప్పాడు. ఊరు ఆ నిందని నోరెత్తకుండా మోసింది. ఆడిటరు రాసుకుంటోంది.

నేను లేచాను. "కాదండీ," అన్నాను. "ఆ రోజు..."

మావ నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, చిన్నప్పుడు తోటలో పాముపుట్ట వైపు వెళుతుంటే వెనక్కి పిలిచిన గొంతే.

"కూకో పాపా. పెద్దోళ్లం మాటాడతన్నాం."

కూర్చున్నాను. ఆ మాట వినగానే నాకెంత ఊరట కలిగిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.